నా చేతిరాత నన్నే చదవమన్నారు

మిర్యాలగూడలో చాలా ఏళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. కింద మెడికల్ షాపు, పైన ఆరు పడకలు, ఒక ఈసీజీ మిషను.

2022 ఏప్రిల్. యాసంగి కోతలు జోరుగా నడుస్తున్నాయి. సాయంత్రం ఒక రైతును కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. ఛాతీలో మంట, చెమటలు. ఈసీజీలో తేడా కనిపించలేదు. కానీ గుండెపోటు తొలి గంటల్లో ఈసీజీ మామూలుగానే రావచ్చు. ఆస్పిరిన్ ఇచ్చి, వెంటనే నల్లగొండ గానీ హైదరాబాద్ గానీ వెళ్లి ట్రోపోనిన్ (గుండె దెబ్బతిందో లేదో చెప్పే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోమన్నాను. "రేపు మా పొలానికి కోత మిషనొస్తది సారూ, ఎల్లుండి పోతం" అన్నాడాయన, నవ్వుతూనే. నేను ఓపీ చీటీ మీద గబగబా రాసిచ్చి తర్వాతి పేషెంటును పిలిచాను. ఆ రాత్రే ఆయన పోయాడు.

తెల్లారేసరికి క్లినిక్ ముందు టెంటు. శవాన్ని అక్కడే పెట్టారు. ఎవరో యూట్యూబ్ చానల్ కుర్రాడు మా నర్సు ముఖం మీద మైకు పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ వీడియో మా అత్తగారి ఊరిదాకా వెళ్లింది. పెద్దమనుషులు పక్కకు పిలిచి "ఐదు లక్షలిచ్చి తెంపుకో సారూ, నీ పేరు ఖరాబైతది" అన్నారు. నిజం చెప్పాలంటే ఇచ్చేద్దామనే అనుకున్నాను. తప్పు చేయకుండానే డబ్బిస్తే ఒప్పుకున్నట్టే కదా అని నా భార్య ఆపింది.

పోలీసుల దగ్గర అనుకున్నంత ఇబ్బంది కాలేదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాళ్లకూ తెలుసు: డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. అభిప్రాయం నాకు అనుకూలంగా రావడంతో అది అక్కడితో ఆగింది.

అసలు కథ ఐదు నెలల తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ నోటీసు, ఇరవై లక్షల పరిహారం కోరుతూ. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కింద సేవేనని 1995లో వి.పి. శాంత కేసులో తేలిందని ఎప్పుడో చదివి మరిచిపోయినవాణ్ణి. నోటీసును టేబుల్ సొరుగులో పెట్టి పన్నెండు రోజులు చూడనట్టే ఉన్నాను. వకీలు తిట్టాడు. జవాబుకు గడువు ముప్పై రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో పదిహేను, ఆపైన ఒక్కరోజు కూడా లేదట. ఇలాంటి కేసుల ఖర్చు భరించే బీమా, ఇండెమ్నిటీ పాలసీ, చూస్తే దాని రెన్యువల్ మధ్యలో తప్పింది. ఆ పాలసీలు చాలావరకు గొలుసు తెగకుండా ఉంటేనే పనికొస్తాయి. ఖర్చంతా నా జేబులోంచే.

కేసు ఫైలు తీస్తే మా దగ్గర ఉన్నది ఒక్క ఈసీజీ కాగితం. థర్మల్ పేపరు కదా, మెడికల్ షాపు వేడికి గీతలు వెలిసిపోయి మబ్బు పట్టినట్టుంది. జిరాక్స్ తీయించలేదు. ఓపీ చీటీ వాళ్ల దగ్గరే ఉంది, నకలు లేదు.

వాళ్ల అఫిడవిట్‌లో ఇంకో మాట చదివి సిగ్గుపడ్డాను. కొడుకు రికార్డుల కోసం మూడుసార్లు వస్తే మా వాళ్లు "సార్ లేరు, రేపు రా" అని పంపేశారట. అడిగిన 72 గంటల్లో కాగితాలివ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. టెంటు వేసిన రోజు వాళ్లకు నా మీద ఉన్నది కోపమే. అనుమానం పుట్టింది ఆ మూడు తిరుగుళ్లతోనే అనుకుంటాను.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంటుంది. మాకు రెండేళ్లు దాటింది. వాయిదా వచ్చినప్పుడల్లా ఓపీ మూసి నల్లగొండ బస్సెక్కడమే. చివరి వాదనల రోజున కమిషన్ సభ్యులొకరు ఆ చీటీ నా చేతికిచ్చి చదవమన్నారు. పాలిథిన్ కవరులో భద్రంగా మడతపెట్టి ఉంది. మందుల పేర్లు చదివాను. కింద మూలన ఉన్న వంకర గీత దగ్గర ఆగిపోయాను. "రెఫర్ టు కార్డియాలజిస్ట్" అన్నాను చివరికి. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మీకే ఇంత టైం పట్టింది డాక్టర్ గారూ" అన్నారు. మందుల చీటీ స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే నిబంధన వచ్చింది. ఎవరు పాటించారు గనుక!

బయట వరండాలో కొడుకు నా పక్కనే నిలబడ్డాడు. గొడవ పడతాడనుకున్నాను. "గట్టిగ ఒక్కమాట జెప్తే పోయెటోళ్లం గద సారూ. మీరు అటు తిరిగి ఇంకొకల్ని పిలిస్తిరి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తీర్పులో వైద్యపరమైన నిర్లక్ష్యం రుజువు కాలేదన్నారు. రికార్డులు ఇవ్వనందుకు, ప్రమాదం అర్థమయ్యేలా చెప్పినట్టు ఆధారం లేనందుకు సేవాలోపం కింద ఖర్చులతో కలిపి అరవై వేలు కట్టమన్నారు. 45 రోజుల్లో స్టేట్ కమిషన్‌కు అప్పీలుకు వెళ్లొచ్చని, గెలిచే కేసేనని వకీలు అన్నాడు. వద్దన్నాను. ఆ వరండా మాట వినకపోయి ఉంటే వెళ్లేవాణ్ణేమో.

వీడియో మాత్రం ఇంకా ఉంది. తీర్పు వచ్చిన సంగతి చెబితే చానల్ వాళ్లు ఇంటర్వ్యూ ఇమ్మన్నారు, ఇవ్వలేదు.

ఇప్పుడు ఓపీ చీటీకి కార్బన్ కాపీ పెట్టాం. ఈసీజీ తీయగానే ఫొటో తీసి సేవ్ చేస్తున్నాం. తెలుగులో రబ్బరు స్టాంపు చేయించాను: "వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలని డాక్టరు చెప్పారు. వెళ్లకపోతే ప్రాణాపాయమని మాకు అర్థమైంది." కింద సంతకం. మొన్న త్రిపురారం నుంచి వచ్చిన ఒక అవ్వ ఇంకు ప్యాడు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నిశానీ దేనికి బిడ్డా, నా రెండెకరాలు రాయించుకుంటవా ఏంది?" అంది. మనవరాలితో స్టాంపులోని మాటలు రెండుసార్లు చదివించాను. రెండోసారి విన్నాక అవ్వ వేలు ముంచి, "గింత భయముంటే బస్సెందుకు, ఆటో మాట్లాడు" అంది మనవరాలితో.