అమ్మ పాటకు ట్రాకులు

పర్లాకిమిడిలో మా ఇంటి పెళ్లిళ్లలో అమ్మ పాడే అప్పగింతల పాటను కీబోర్డులోకి ఎక్కిస్తున్నాను. ఒడియా మీడియంలో చదివే మా పిల్లలకు ఆ వరుస దక్కాలని నా తాపత్రయం.

ముందు ఒక ట్రాకులో, అంటే ఒక విడి పొరలో, రిదమ్, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు). అది వింటూ ఇంకోదాంట్లో కీబోర్డులోని ఫ్లూట్ ధ్వనితో పాట. కీబోర్డులోని ఈ రికార్డర్ శబ్దాన్ని పట్టుకోదు. ఏ కీ ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కామో రాసుకుంటుంది. 1983లో వచ్చిన మిడి పద్ధతే ఇది. అందుకే తర్వాత స్పీడు మార్చినా శ్రుతి చెడదు, ఫ్లూట్ బదులు షెహనాయి పెట్టుకోవచ్చు. ఎంత గొప్ప సదుపాయమో!

"పిల్లను పంపేటప్పుడు అంత పరుగేంట్రా" అంది అమ్మ. టెంపో తగ్గించాను. చరణం చివర ఆవిడ స్వరాన్ని జార్చే చోట శ్రుతిని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రాన్ని మెల్లగా వదలాలి, అదే కష్టం. అమ్మ గొంతును మాత్రం ఫోన్‌లో విడిగా రికార్డు చేస్తున్నాను.