బొమ్మ వెనక్కి వెళ్లి చూడండి

మొన్న ఒక ఎగ్జిబిషన్ చూసొచ్చాను, ఇంకా కళ్లల్లోంచి పోవట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఒకాయన దాదాపు జీవితమంతా ఒక్కొక్కటిగా కొనుక్కుని ఇంట్లో దాచుకున్న పాత మీనియేచర్ పెయింటింగులు, రాజస్థాన్‌వి కొన్ని, పహాడీవి, అంటే హిమాలయాల దిగువ కొండ రాజ్యాల్లో వేసినవి ఎక్కువ, మొదటిసారి బయటికి తీసి జనానికి చూపిస్తున్నారు. మూడు గదులు. ఒకదానికి ప్రకృతి, ఇంకోదానికి భక్తి, మూడోదానికి కవిత్వం అని పేరు పెట్టారు. లోపలికి వెళ్లేటప్పుడు ఈ విభజన చాలా బాగుందనిపించింది. బయటికొచ్చేటప్పుడు మాత్రం ఈ మూడింటినీ అసలు ఎలా విడదీశారబ్బా అనిపించింది.

లోపలంతా మసక వెలుతురే. కాగితం మీద రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి ఇలాంటి బొమ్మలకి మ్యూజియంలలో మామూలుగా 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే, అంటే బాగా తక్కువగా లైటు పెడతారు, అది కూడా కొన్ని నెలలే, తర్వాత మళ్లీ చీకట్లోకి పంపేస్తారు. ఒక రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్లు అలవాటుపడ్డాక ఎరుపు ఎరుపులా, పసుపు పసుపులా పైకొస్తుంది. ఇన్నేళ్లయినా రంగులు అంత తాజాగా ఉండటానికి కారణం కూడా చీకటే, రాజుల కాలంలో వీటిని గోడలకి వేలాడదీసేవాళ్లు కాదు, బట్టలో మూటకట్టి పెట్టుకుని, చూడాలనిపించినప్పుడు విప్పి ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు, పక్కవాళ్లకి అందించేవాళ్లు. చేతిలో పట్టుకునే వస్తువు అన్నమాట. గోడకి బిగించేశాక మనకి సగమే కనిపిస్తుంది, ఆ సంగతికే వస్తున్నా.

ప్రకృతి గదిలో బారామాసా బొమ్మలు. పన్నెండు నెలలు, నెలకో బొమ్మ. శ్రావణం బొమ్మలో నల్లటి మబ్బు, బంగారు గీతలా మెరుపు, కొంగల బారు, మేడ మీద ఒక జంట. చాలామంది వానని చూసి అబ్బ ఎంత బాగుంది అనుకుని పక్కదానికి వెళ్లిపోతున్నారు, నేనూ అలాగే వెళ్లిపోయేదాన్నే, కానీ పైన పసుపు పట్టీలో పద్యం రాసి ఉంది, అది బ్రజభాషా కవి కేశవదాసుది, 1601 నాటి ఆయన పుస్తకం కవిప్రియలోది. ఆ పద్యంలో ఒక భార్య మొగుడితో వాదిస్తుంటుంది. నదులు సముద్రాన్ని కలుసుకుంటున్నాయి, తీగలు చెట్లని అల్లుకుంటున్నాయి, మెరుపు మబ్బుతో ఆడుతోంది, అందరూ కలుసుకునే ఈ నెలలో నువ్వు పరదేశం వెళ్తానంటావేంటి అని. పన్నెండు నెలలూ ఇదే వాదన, ఏ నెలకి ఆ నెల కొత్త సాకు. అంటే ఆ వాన సీనరీ కాదు, ఆవిడ చెప్తున్న కారణం! మబ్బు, కొంగ, తీగ అన్నీ ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చినవే. ఇది తెలిశాక ఆ బొమ్మని ప్రకృతి గదిలో ఎలా వదిలేస్తాం చెప్పండి.

భక్తి గదిలో బసోలీ అనే పహాడీ రాజ్యం పద్ధతి బొమ్మ ఒకటి చూశాను, రసమంజరిది. రసమంజరి అంటే భానుదత్తుడు సంస్కృతంలో రాసిన నాయికా నాయకుల లక్షణాల పుస్తకం, మన కూచిపూడి వాళ్లు చెప్పే ఖండిత, అభిసారిక లాంటి వాళ్లందరి వ్యవహారం. చాలా శ్లోకాల్లో నాయకుడికి పేరు ఉండదు. కానీ 1660-70 ప్రాంతంలో బసోలీలో ఈ శ్లోకాలకి బొమ్మలు వేసినప్పుడు ఆ నాయకుణ్ణి కృష్ణుణ్ణి చేసేశారు, నీలి ఒళ్లు, పసుపు పంచె, కిరీటం. శృంగార శాస్త్రం కాస్తా భక్తి అయిపోయింది, ఒక్క అక్షరం మార్చకుండా! ఆ బొమ్మలో నాయిక మెడలో పచ్చల హారం ఉంది, దానికి పచ్చ రంగు వాడలేదు, నిజం జీరంగి రెక్కల్ని ముక్కలు చేసి అంటించారు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆకులు వేసి పెంచేవాళ్లం చూశారూ, ఆ పురుగే. నేరుగా చూస్తే నల్లగా చుక్కల్లా ఉన్నాయి. కొంచెం మోకాళ్లు వంచి కింద నుంచి చూశాను, భగ్గున పచ్చగా వెలిగాయి, మళ్లీ లేచి నిలబడితే ఆరిపోయాయి. నేను అలా లేవడం కూర్చోవడం చేస్తుంటే వెనకాల ఇద్దరు ముగ్గురు కూడా మొదలుపెట్టారు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పేవాళ్లకి అది ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది కదా.

ఇలా సొంతంగా సేకరించేవాళ్ల మీద నాకు రెండు రకాల అభిప్రాయాలున్నాయి. వాళ్లు లేకపోతే ఇవి చాలా వరకు మనకి దక్కేవి కావు. క్రేయోలా రంగులు పెట్టిన ఆయన మనవడు మూడో ఎడ్విన్ బిన్నీ కూడబెట్టిన 1,400కు పైగా భారతీయ చిత్రాలు 1990లో శాన్ డియేగో మ్యూజియానికి చేరాయి. బ్రిటిష్ చిత్రకారుడు హోవర్డ్ హాడ్జ్‌కిన్ స్కూలు రోజుల్లోనే మొదలుపెట్టాడు, స్టీవెన్ కొసాక్ క్రోనోస్ కలెక్షన్ నుంచి దాదాపు వంద రాజపుత్ర చిత్రాల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2016లో ప్రదర్శించింది. వీళ్లందరి కన్నూ గొప్పదే. కానీ ఒక సెట్‌గా వేసిన బొమ్మలు విడివిడిగా అమ్ముడుపోయి ఒక ఆకు (బొమ్మ వేసిన కాగితం) ఒక దేశంలో, తర్వాతి ఆకు ఇంకో దేశంలో ఉండటం చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. మనాకు అనే చిత్రకారుడు 1730లో వేసిన గీతగోవిందం ఇప్పుడు అలాగే చెల్లాచెదురై ఉంది. ఈ మనాకు, ఆయన తమ్ముడు, ఇంకో చిత్రకారుడు నైన్‌సుఖ్ ఇద్దరూ గులేర్ అనే పహాడీ రాజ్యానికి చెందిన పండిత్ సేవు కొడుకులు, వీళ్ల వంశం వివరాలని కళా చరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి గారు హరిద్వార్ లాంటి తీర్థాల్లో పండాల (తీర్థ పురోహితుల) దగ్గరుండే బహీల్లోంచి వెతికి తీశారు. యాత్రకి వెళ్లినప్పుడు పేర్లు రాయించుకుంటాం కదా, ఆ పుస్తకాల్లోంచి! ఎక్కడా సంతకం పెట్టని మనుషులు అక్కడ దొరికారు, నాకు ఈ సంగతి ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఒళ్లు పులకరిస్తుంది.

చెల్లాచెదురైన ఆకుల్ని మళ్లీ వరసలో పెట్టాలంటే ఆధారం వెనక వైపే. పహాడీ బొమ్మల్లో చాలావాటికి శ్లోకం వెనకాలే రాసుంటుంది, అంకె కూడా. ఆ కాగితానికే వస్లీ అంటారు, పొరలు పొరలుగా అంటించి చేస్తారు, రంగులు వేశాక బొమ్మని నున్నటి పలక మీద బోర్లా పెట్టి వెనక నుంచి అగేట్ రాయితో రుద్దుతారు, మనకి ముందు కనిపించే ఆ నిగనిగ అంతా వెనక రుద్దిన రుద్దుడే. ఇంత ఉంటే చాలా ఎగ్జిబిషన్లలో వెనక వైపు ఏముందో ఒక చిన్న ఫోటో కూడా పెట్టరు, ఇది నాకు ఎప్పుడూ ఉన్న కోపం.

ఇక్కడ మూడో గదిలో మాత్రం ఒక్క బొమ్మని గది మధ్యలో రెండు అద్దాల మధ్య నిలబెట్టారు. ముందు వైపు చీకటి అడవి, ఏరు, రాధ కృష్ణుడి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. సాయంత్రం బొమ్మ, బాగుంది అనుకున్నా. ప్రదక్షిణం చేసినట్టు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను, నాగరి లిపిలో నాలుగు పాదాలు, కూడబలుక్కుని చదివితే మొదటి ముక్కకే గుర్తుపట్టాను. మేఘైర్మేదురమంబరం వనభువః శ్యామాస్తమాలద్రుమైః. గీతగోవిందం మొట్టమొదటి శ్లోకం, ఇంట్లో అష్టపదులు పాడేముందు చదివేవాళ్లు. ఆకాశం మబ్బులతో దట్టంగా ఉంది, తమాల వృక్షాలతో అడవి నల్లబడింది, రాత్రి వేళ వీడు భయపడతాడు, రాధా, నువ్వే ఇంటికి తీసుకెళ్లు అని నందుడు చెప్తాడు. అలా బయల్దేరిన వాళ్లిద్దరి ఏకాంత లీలలు యమున ఒడ్డున దారిలో ప్రతి చెట్టు దగ్గరా జయిస్తున్నాయి, అని చివరి రెండు పాదాలు. మబ్బులూ చెట్లూ, దేవుడూ, పద్యమూ, అన్నీ ఆ నాలుగు పాదాల్లోనే.

మళ్లీ ముందుకొచ్చాను. ఎడమ మూలలో చిన్నగా ఒక ముసలాయన చెయ్యెత్తి ఏదో చెప్తున్నాడు, ఇందాక అసలు చూడనే లేదు, నందుడు. ఆయన దగ్గర్నుంచి ఏటి ఒడ్డు వరకు దారి పొడుగునా చెట్లు, ఒక్కోదానికి ఆకులు ఒక్కోలా వేశాడు చిత్రకారుడు, ఒక్కటీ కాపీ కొట్టలేదు. ప్రత్యధ్వకుంజద్రుమం, శ్లోకంలో ఆ దారిలో ప్రతి చెట్టు అన్న మాట, అని మనసులో అనుకుంటూ ఒక్కో చెట్టూ లెక్కపెట్టాను. పదకొండు. టైమైపోయింది మేడమ్ అని గార్డు వచ్చి చెప్పేటప్పటికి రెండోసారి లెక్కపెడుతున్నా.