చొక్కా కింద బీపీ మిషన్

బీపీ ఉందని తేలాక మందు, నడక నాకు పెద్ద కష్టమేం కాలేదు. పొద్దున్నే టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర వేసుకుని కేబీఆర్ పార్కు దగ్గర నడుస్తున్నాను. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను దాటకూడదు. మజ్జిగలో మానేశాను, అప్పడాలు మానేశాను. ఆవకాయ దగ్గరే ఇంట్లో ఇంకా పేచీ నడుస్తోంది.

అసలు తిప్పలు కొలతతో వచ్చాయి. ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సు ఫోన్ మాట్లాడుతూనే చొక్కా చేతి మీద పట్టీ చుట్టేసింది. నేను మెట్లెక్కి వచ్చి ఊపిరి కూడా పీల్చుకోలేదు. పై అంకె 168 వచ్చింది. డాక్టరు తలెత్తకుండానే ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కూడా రాసేశాడు. కొన్నాళ్లకు చీలమండలు వాచి చెప్పులు పట్టలేదు. ఆ మందుకు అది మామూలేనట. ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

ఇంట్లో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి చూస్తే 130 లోపే ఉండేది. చిక్కడపల్లిలో ఒక పెద్ద డాక్టరుగారు ఆ లెక్కలు చూసి, తేల్చుకోవడానికి 24 గంటల మిషన్ పెట్టించారు. నడుముకి డబ్బా, చొక్కా కింద ట్యూబు, చేతికి పట్టీ. పగలు అరగంటకోసారి బిగుస్తుంది, అప్పుడు చెయ్యి కదపకూడదు. సెలవు పెట్టొద్దు, రోజూ చేసే పనులే చేయండి అన్నారాయన.

చేశాను. మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ తడిమి చూసి ట్యూబు పట్టుకున్నాడు. "ఏంటి సార్ ఇది?" బీపీ మిషన్ అంటే నమ్మడు. గదిలోకి రమ్మని గుండీలు విప్పించాడు, తలుపు మాత్రం వేయలేదు. వెనక లైన్లో మా టీమ్ పిల్లలు, మా మేనేజరు. సరిగ్గా అప్పుడే డబ్బా బుర్రుమని మోగి పట్టీ బిగుసుకుంది. అతను రెండడుగులు వెనక్కి గెంతాడు. నేను చెయ్యి వేలాడేసి, పొట్ట బయటపెట్టుకుని బొమ్మలా నిలబడ్డాను.

రిపోర్టులో ఆ కొలత 174. "ఇక్కడేమైందండీ?" అని డాక్టరుగారు అడిగితే చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. మొత్తం సగటు 126/76, హద్దు 130/80. ఆమ్లోడిపిన్ ఆయనే ఆపించారు, వాపు తగ్గింది.

మిషన్ పెట్టించుకునేవాళ్లు వదులు చొక్కా వేసుకోండి. డాక్టరు చీటీ జేబులో ఉంచుకోండి. మా హెచ్ఆర్‌కి ఫిర్యాదు పెట్టాను, "గమనించాం" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.