గడ్డిపోచ తీసేసినందుకు నా ఫొటోను తీసేశారు

నిన్న సాయంత్రం ఫొటో పోటీ నిర్వాహకుల నుంచి చివరి మెయిల్ వచ్చింది. ప్రకృతి విభాగానికి నేను పంపిన రెండింటిలో సాలెగూడు ఫొటో తుది జాబితాలో నిలిచింది. కొంగ ఫొటోను తొలగించారు. కోపం, ఊరట రెండూ ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

దరఖాస్తు నింపడం, రుసుము కట్టడం, వాళ్లు చెప్పిన కొలతకు ఫొటోలను తగ్గించడం అరగంటలో అయిపోయాయి. వారం తర్వాత రెండూ తుది పరిశీలనకు వెళ్లాయని, మూడు రోజుల్లో రా ఫైళ్లు (ఏ సవరణా లేకుండా కెమెరా నమోదు చేసిన అసలు ఫైళ్లు) పంపమని రాశారు. ఎగిరి గంతేసి అదే రాత్రి పంపాను.

మర్నాడు వచ్చిన జవాబు చదివాక ముఖం వేడెక్కిపోయింది. "రా ఫైల్లో కొంగ ముక్కు వెనక ఒక గడ్డిపోచ ఉంది. మీరు పంపిన ఫొటోలో లేదు. వివరణ ఇవ్వండి." కింద అదే చోట ఎర్రటి సున్నా చుట్టిన బొమ్మ.

జరిగింది ఇది. కెమెరా లోపలి సెన్సర్ మీద దుమ్ము వల్ల నీళ్ల మీద మూడు మచ్చలు పడితే, చుట్టుపక్కల రంగుతో మచ్చను కప్పేసే హీలింగ్ బ్రష్‌తో తుడిచాను. ముక్కు వెనక అడ్డంగా కనిపిస్తున్న గడ్డిపోచను కూడా అదే బ్రష్‌తో, అదే ఊపులో తుడిచేశాను. మోసం చేస్తున్నానన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. దుమ్ము మచ్చలు తీయవచ్చని నిబంధనల్లోనే ఉంది కదా, ఇదీ అలాంటిదే కదా అని వివరణ రాశాను. దానికి వాళ్లు ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా పంపమన్నారు. పంపేముందు వాటిని వరసగా చూసుకున్నప్పుడు నాకే విషయం అర్థమైంది. దుమ్ము మచ్చలు ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉన్నాయి. గడ్డిపోచ మాత్రం గాలికి కదులుతోంది. మచ్చలు నా కెమెరావి, గడ్డిపోచ ఆ కొంగ నిలబడిన చోటుది. ఇక వాదించడానికి ఏమీ మిగలలేదు.

అయినా న్యాయనిర్ణేతల్లో ఒకరు ఫోను చేశారు. "కావాలనే తీశారా?" అని అడిగారు. "లేదండీ, తప్పని తెలియక తీశాను" అన్నాను. "మరి నిబంధనలన్నీ చదివానని టిక్ ఎందుకు పెట్టారు?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నలభై నిమిషాలు బురదలో బోర్లా పడుకుని తీసిన ఫొటో అది. అయినా ఆ క్షణంలో నన్ను దొంగను చూసినట్టు చూశారనిపించింది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మొదటి పేజీలో "స్వల్ప సవరణలు చేయవచ్చు" అని ఒక్క ముక్క రాసి, అసలు నిర్వచనాలను వేరే పత్రంలో చివరన పెట్టడం ఏం పద్ధతి? స్వల్పం అంటే కొత్తవాడికి ఏం తెలుస్తుంది? ఫొటో మొత్తానికి వెలుతురు పెంచితే లక్షల పిక్సెళ్లు మారతాయి, అది తప్పు కాదు. సన్నటి పోచ తీస్తే తప్పు. వాళ్లు చూసేది మార్పు ఎంత పెద్దదని కాదు, అక్కడ ఉన్నది పోయిందా, లేనిది వచ్చిందా అని. ఈ ఒక్క వాక్యం మొదటి పేజీలో ఉంటే నాకీ అవమానం తప్పేది. "అందరూ చేసేదే, ఏం కాదు" అని ధైర్యం చెప్పిన సీనియర్ మిత్రుడి మాట కూడా ఇక వినను.

ఆ రాత్రి నిద్రపట్టక పాత వివాదాల గురించి చదివాను. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో క్రీడా విభాగంలో మూడో బహుమతి పొందిన వ్యక్తి, వెనకాల కనిపించే ఒక పాదాన్ని చెరిపేసినందుకు ఆ బహుమతి పోగొట్టుకున్నాడు. అంత పెద్ద పోటీలోనూ అంత చిన్న భాగమే! ఎడిటింగ్ ఒక్కటే కాదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2017లో గెలిచిన ఒక ఫొటోను మరుసటి ఏడాది రద్దు చేశారు. అందులోని యాంట్ ఈటర్ (చీమలు తినే జంతువు) బతికున్న జంతువు కాదని, చచ్చినదాని చర్మంలో ఏదో కూరి నిలబెట్టినది అయ్యే అవకాశమే ఎక్కువని నిపుణులు చెప్పారు. తీసిన వ్యక్తి ఆ ఆరోపణను ఒప్పుకోలేదు.

బహుశా అందుకేనేమో, నా సాలెగూడు ఫొటోకు వేరే ప్రశ్న వేశారు: "ఆ చుక్కలు మంచువా, మీరు చల్లిన నీళ్లా?" ఇక్కడ మాత్రం నేను తడబడలేదు. ఆ తెల్లవారుజామున తీసిన నలభై ఏడు ఫ్రేములూ దాచుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ఎండ ఎక్కేకొద్దీ చుక్కలు ఎండిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఫైల్లో కెమెరా రాసిపెట్టే వివరాలైన ఎక్సిఫ్‌లో సమయం సహా అన్నీ పంపాను. ఒక్క మాట మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఆ ఫొటోలో నేను చేసింది క్రాప్ (అంచులు కత్తిరించడం), వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ), కాస్త కాంట్రాస్ట్ అంతే. గర్వంగానే చెబుతున్నాను.

కొత్తగా పోటీలకు పంపేవాళ్లు పక్క ఫ్రేములను చెరపకండి, అవే మీకు సాక్ష్యం. కెమెరాలో రా, జేపెగ్ రెండూ భద్రమయ్యేలా పెట్టుకోండి. ఫొటోలో ఏం మార్చారో చేసిన రోజే రాసిపెట్టుకోండి. నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించే కొన్ని కృత్రిమ మేధ పరికరాలు లేని ఈకలను కూడా కల్పిస్తాయి, జాగ్రత్త. అనుమానం వస్తే పంపకముందే నిర్వాహకులకు రాసి అడగండి.

ఇందాక కొంగ రా ఫైలును మళ్లీ తెరిచాను. ఈసారి మూడు మచ్చలే తుడిచాను.