మల్లిని ఇంకా నేల మీద దించలేదు

మల్లి మా ఇంటికొచ్చి ఇవాళ్టికి 18 రోజులు. నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు, కుక్కపిల్లను చంటిపిల్లలా ఎత్తుకుని తిరుగుతారేంటండీ, కిందకు దించితే కాసేపు ఆడుకుంటుంది కదా అని. దించను. ఎందుకో లిఫ్టులో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఆరేళ్ల కింద అల్వాల్‌లో ఉన్నప్పుడు బుజ్జి అని ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఒక ఇంజెక్షన్ అయిపోయింది కదా అని మూడో రోజు నుంచే సందులో తిప్పాం, అది చెత్తకుప్పలన్నీ వాసన చూస్తుంటే మురిసిపోయాం. రెండు వారాలు కాకముందే ఒక పొద్దున అన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి రక్తంతో విరేచనాలు. పార్వో అన్నారు డాక్టర్, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. సెలైన్లు ఎక్కించాం, రాత్రంతా పక్కనే కూర్చున్నాం, నాలుగో రోజు తెల్లారకముందే నా ఒళ్లో పోయింది. రెండున్నర నెలల పిల్ల.

ఆ తర్వాతే తెలుసుకున్నాను. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కొన్ని వారాలు పిల్ల ఒంట్లో ఉంటుంది, అది ఉన్నన్నాళ్లూ మనం వేయించిన టీకాను సరిగా పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3, 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్కటి వేయించి ధీమాగా ఉండటానికి లేదు. పైగా ఆ వైరస్ నీడపట్టు మట్టిలో ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది, మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. అందుకే ఇప్పుడు మా చెప్పులన్నీ గుమ్మం బయటే. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకోదాన్ని తేవద్దు. గచ్చును ముందు సబ్బుతో కడిగి, 30 వంతుల నీళ్లకు ఒక వంతు ద్రవ బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టిని అలా కడగలేం కాబట్టి ఆ పెరట్లోకి టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తేవాలి.

మల్లి మియాపూర్‌లో కడుతున్న ఒక బిల్డింగ్ సెల్లార్‌లో పుట్టింది. నెల నిండగానే తీసుకెళ్లమన్నారు వాచ్‌మెన్ అన్న వాళ్లు. 8 వారాలు నిండేదాకా వారానికోసారి వెళ్లి చూసొచ్చాం. ఆ వయసు లోపు పిల్లలను బ్రీడర్లు అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనలే చెబుతున్నాయి, వీధి కుక్కపిల్లకు మాత్రం తల్లి అక్కర్లేదా?

తెచ్చిన రోజు ట్రాఫిక్ మొదలవ్వకముందే ఆటోలో అట్టపెట్టెతో వచ్చేశాం. తల్లి పడుకున్న పాత చీరముక్క ఒకటి అడిగి తెచ్చి పెట్టెలో పరిచాం. చుట్టాలను రావద్దన్నాం. రాత్రి ఏడిస్తే ఏడవనీ, అలవాటవుతుంది అంటారు కొందరు, నాకు అది నచ్చదు. పెట్టెను మంచం పక్కనే పెట్టుకుని, చెయ్యి లోపల ఉంచి పడుకున్నాను. మూడో రాత్రికి ఏడుపు ఆగింది.

ఇల్లు ముందే సర్దామనుకున్నాం కానీ బాల్కనీ గ్రిల్ సందులోంచి దాని తల పడుతుందని వచ్చాకే చూశాం, గబగబా వల కట్టాం. అత్తమ్మ ప్రేమగా పరమాన్నం పెట్టబోయారు. ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడుచేస్తుందంటే పాపం గిన్నె అక్కడే వదిలేశారు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా పెట్టకూడదు.

ఇంకో మాట, పిల్లలున్న ఇళ్లవాళ్లకు. కుక్కపిల్లకు రేబిస్ టీకా 3 నెలలకు గానీ వేయరు. ఈలోపు దాని పంటి గీత పడినా ఇంటి కుక్కపిల్లే కదా అని ఊరుకోవద్దు, 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మా పాపకు రెండో రోజే గీరుకుంది, వెంటనే తీసుకెళ్లాం.

అలాగని మల్లిని గదిలో మూసిపెట్టలేదు. ఈ వయసులో చూసినవాటికే తర్వాత భయపడకుండా ఉంటుంది, అందుకే సాయంత్రాలు భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సులు, మిర్చి బండి, కూరగాయల మైకు అన్నీ చూపిస్తున్నాను. వచ్చే మంగళవారం రెండో ఇంజెక్షన్. బుజ్జి పోయినప్పటి వయసే ఇప్పుడు దీనికి. పొద్దున లేవగానే ముందు దాని గిన్నె ఖాళీ అయిందా అని చూస్తాను. ఇవాళ నాకి నాకి గిన్నెను సోఫా కిందకు తోసేసింది.