తోక వాలితే తేలిపోయే ముందు చక్రాలు

డల్లాస్ శివారులో పికప్ ట్రక్కులకు హిచ్‌లు (ట్రైలర్‌ను తగిలించే కొక్కేలు), సస్పెన్షన్ సామాను బిగించే షెడ్డులో నేను పనిచేస్తున్నాను. వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించగానే బండి వెనుక భాగం కుంగిపోతోంది, దాన్ని లేపాలి. ఈమధ్య మన తెలుగు కుటుంబాలు కూడా ట్రైలర్లు కొనుక్కుని వస్తున్నాయి. వారు దాదాపు ఎప్పుడూ ఎయిర్ బ్యాగులే, అంటే వెనుక స్ప్రింగుల దగ్గర బిగించి గాలి నింపే సంచులే అడుగుతారు. వెనుక కుంగడం అందరికీ కనిపిస్తుంది కానీ, ముందు చక్రాల మీద బరువు తగ్గిపోవడం ఎవరికీ కనిపించదు. నాకు భయం కలిగించేది ఆ రెండోదే.

నేను ఈ పని నేర్చుకున్నది వరంగల్ ఆటోనగర్‌లో, కమాన్ పట్టీలు సరిచేసే ఉస్తాద్ దగ్గర. లారీ కుంగితే అక్కడ ఇంకో పట్టీ వేసేవాళ్లం. లారీలో సరుకు చాలావరకు ముందు, వెనుక ఇరుసుల మధ్యనే ఉంటుంది కాబట్టి వెనుక లేపితే ఆ పని అక్కడికి సరిపోయేది. ట్రైలర్ సంగతి వేరు. దాని బరువు వెనుక ఇరుసుకు ఇంకా వెనకాల, బంపర్ కింద ట్రైలర్ కొక్కెం కూర్చునే ఇనుప బంతి మీద పడుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే ట్రాక్టర్‌ను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు: ట్రాలీ ముందు భాగంలో బస్తాలు ఎక్కువ పడితే, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

లెక్క వేసి చూద్దాం. సామానుతో కలిపి 2,700 కిలోలు తూగే ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ మీద మోపుతుంది. 350 కిలోలు అనుకుందాం. బండి రెండు ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బంతికి 1.5 మీటర్లు ఉంటే, ముందు చక్రాల మీద నుంచి సుమారు 140 కిలోలు లేచిపోతాయి. వెనుక ఇరుసు మీద మాత్రం 350 కాదు, 490 కిలోలు అదనంగా పడతాయి. అందువల్లే స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది.

హన్మకొండకు చెందిన ఒక తమ్ముడు మొన్న కొత్త బండితో వచ్చి, "అన్నా, బ్యాగులు వేసెయ్యి, తోక లేస్తది" అన్నాడు. "తోక లేస్తది తమ్మీ, కానీ పోయిన బరువు ముందు చక్రాల మీదికి రాదు" అని చెప్పి టేపు తీశాను. ఖాళీ బండికి ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేల నుంచి 36 అంగుళాలు ఉంది. ట్రైలర్ తగిలించాక 37 పావు అయింది. అతనికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగించాం. దాని రెండు స్ప్రింగ్ బార్లు ట్రైలర్ ముందు చట్రాన్ని పట్టుకుని మీటలా పనిచేస్తూ, వెనుక ఇరుసు మీది బరువులో కొంత బండి ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంపుతాయి. గొలుసు లంకెలు మార్చి, హిచ్ తల వాలు సరిచేసి మళ్లీ కొలిస్తే 36న్నరకు వచ్చింది. పూర్తిగా 36కు తేవాలని అతను పట్టుబట్టాడు కానీ, ఎంత తేవాలన్నది బండి మాన్యువల్ చెప్పాలి. అవసరానికి మించి బిగిస్తే వెనుక చక్రాలు తేలికై, తడి రోడ్డు మలుపులో బండి వెనుక భాగం పక్కకు జారుతుంది. ఈ హిచ్ వాడకూడదని చెప్పే బండ్లు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి, మాన్యువల్ చూడకుండా నేను పాన ముట్టను.

ఎయిర్ బ్యాగులు పనికిరానివి కావు. హిచ్‌తో బరువు సర్దిన తర్వాత కూడా కాస్త కుంగుబాటు మిగిలితే, లేదా ట్రక్కు తొట్టిలోనే బరువు ఎక్కువగా ఉంటే అవి చక్కగా ఉపయోగపడతాయి. హిచ్ సరిచేశాక గాలి మరీ ఎక్కువ నింపితే మాత్రం బార్ల బిగువు సడలి, ముందుకు పంపిన బరువు మళ్లీ వెనక్కి వస్తుంది. పైగా బ్యాగులు బండి ఎత్తును మారుస్తాయే తప్ప, కంపెనీ ఇచ్చిన బరువు పరిమితిని ఒక్క కిలో కూడా పెంచవు.

ఆ పరిమితి డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. దాని మీద 725 కిలోలు అని ఉందనుకుందాం: నలుగురు మనుషులకు 280, హిచ్ మీది బరువు 350, హిచ్ సామానుకు 40 పోతే మిగిలేది 55 కిలోలే. బియ్యం సంచి, కుక్కర్, కూలర్, పిల్లల సైకిళ్లు ట్రక్కులో వేస్తే ఆ 55 కూడా నిండిపోతాయి. బ్రోచర్‌లో ఇచ్చే హిచ్ బరువు ఖాళీ ట్రైలర్‌ది; బ్యాటరీ, నింపిన గ్యాస్ సిలిండర్లు ముందు కొక్కెం దగ్గరే ఉంటాయి కాబట్టి అసలు బరువు దాదాపు ఎప్పుడూ ఎక్కువే. బరువైన సామాను ట్రైలర్ ఇరుసు మీదికి జరిపితే కొంత ఉపశమనం దొరుకుతుంది. అలాగని ఇరుసు వెనక్కి నెట్టి హిచ్ బరువును 10 శాతం కంటే తగ్గిస్తే ట్రైలర్ ఊగిసలాడటం మొదలవుతుంది. హైవే మీద అది కుంగుబాటు కంటే ప్రమాదకరం.

అందుకే ప్రయాణానికి సిద్ధమైనట్టే నీళ్లు, సామాను, మనుషులతో సహా బండిని తూకం వేయించుకొమ్మని అందరికీ చెబుతాను. ఇక్కడి ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేళ్లు అనే తూకం వేదికలు ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసుల బరువులను విడివిడిగా చూపిస్తాయి. బార్లు బిగించి ఒకసారి, వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పి ఒకసారి తూస్తే ఎక్కడి బరువు ఎక్కడికి వెళ్లిందో కాగితం మీద తేలిపోతుంది. ఆ కాగితాల్లో వెనుక ఇరుసు పరిమితి దాటినట్టు కనిపిస్తే, ఆ బండికి నేను ఏ సామానూ అమ్మను. చిన్న ట్రైలర్ గానీ పెద్ద ట్రక్కు గానీ చూసుకొమ్మని చెప్పి పంపిస్తాను.