చెల్లి స్టెంట్ మళ్లీ తెరుచుకుంది

కాలేయం సిరలో చెల్లికి వేసిన స్టెంట్ మూసుకుపోతే, పోయిన వారం బెలూన్‌తో మళ్లీ తెరిచారు. ఇప్పుడు బాగుంది. ఫోన్లు చేసిన అందరి కోసం రాస్తున్నాను.

దాని జబ్బు బడ్-కియారి. కాలేయంలోని రక్తం మూడు పెద్ద సిరల గుండా బయటికొచ్చి గుండెకు చేరాలి. ఆ దారిలో గడ్డ కడితే కాలేయం ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. పెళ్లి కావాల్సిన పిల్లని పట్టుకుని "మందు అలవాటుందా?" అని అడిగినవాళ్లున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. చాలామందిలో మూలం రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ కావడమే. మా చెల్లికి జాక్2 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది.

స్టెంట్ దారి తెరుస్తుంది గానీ రక్తం గుణాన్ని మార్చదు. అందులో మళ్లీ గడ్డ కట్టొచ్చు, లోపలి పొర పెరిగి సన్నబడొచ్చు. అరుదుగా స్టెంటే జరిగి గుండెలోకి పోవచ్చు. గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్ఆర్, అది మామూలుగా 2, 3 మధ్య నిలవాలి. ఆకుకూరలు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా ఆ మాత్ర పని మారిపోతుంది. అందుకే చెల్లి గోంగూర మానలేదు గానీ, ఆకుకూరలు ఎప్పుడూ ఒకే మోతాదులో తింటుంది. నొప్పి మాత్రలు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టదు.

ఈసారి నొప్పి లేదు, వాపు లేదు. రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్‌లోనే బయటపడింది. ఇలాంటి స్టెంట్ ఉన్నవాళ్లు దయచేసి ఆ స్కాన్ వాయిదా వేయకండి.